సోంపు డబ్బాలో చెట్టు నత్తలు

నత్తలను చంపడం నా ఉద్యోగంలో ఒక భాగం. కాపాడటం ఇంకో భాగం. రెండూ ఒకదాని వెంట ఒకటి చెబితే జనం నవ్వుతారు కాబట్టి, ఎవరైనా అడిగితే మొదటిది మింగేసి రెండోది మాత్రమే చెబుతుంటాను.

మేముండేది హొనొలులులో. ఊరి వెనకాల కొండల మీద, ఎప్పుడూ మబ్బు కమ్మి ఉండే చోట, చెట్ల ఆకుల వెనక బతికే చిన్న నత్తలున్నాయి. బొటనవేలి గోరంత ఉంటాయి. గాజుపూసని తుడిచి పెట్టినట్టు గుల్ల మెరుస్తుంది. కొన్నింటికి పసుపు మీద గోధుమరంగు చారలు, కొన్ని లేత ఆకుపచ్చ. పుస్తకాల్లో ఈ ప్రజాతి పేరు అకాటినెల్లా. ఈ ఒక్క దీవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు ఇక్కడ చెట్టు నిండా ఇవే ఉండేవట. గుల్లల అందానికి ముచ్చటపడి జనం సంచుల్లో ఏరుకుపోయారు. ఎలుకలు తిన్నాయి. అడవి తగ్గింది. ఇందులో చాలా రకాలు ఇప్పుడు మ్యూజియం సొరుగుల్లో ఖాళీ గుల్లలుగానే మిగిలాయి. బతికున్నవి ఆకుని తినవు, ఆకు మీద పట్టే సన్నటి బూజుని నాకి బతుకుతాయి. గుడ్లు పెట్టవు. ఒకసారికి ఒకే పిల్లని కంటాయి. ఆ పిల్ల ఎదిగి తాను కనడానికి ఏళ్ళు పడుతుంది.

మిగిలినవాటిని కొన్ని చోట్ల కంచె కట్టి కాపాడుతున్నాం. కంచె బయట తిరిగేది తోడేలు నత్త. పొడుగాటి గులాబీ రంగు గుల్ల. వేరే నత్త నడిచిన జిగురు చారని పసిగట్టి దాని వెనకాలే పోతుంది. చిన్నదైతే గుల్లతో సహా మింగేస్తుంది. పెద్దదైతే గుల్లలోకి తల దూర్చి తింటుంది. దాన్ని పనిగట్టుకుని ఈ దీవికి తెచ్చింది మనుషులే. పొలాలు పాడుచేసే పెద్ద నత్తలను తినేస్తుందనుకున్నారు. అది పొలాలు వదిలేసి కొండెక్కింది. వాన వెలిసిన మర్నాడు నేను కంచె చుట్టూ వంగి తిరుగుతూ ఆ తోడేలు నత్తలను ఏరి జిప్ సంచిలో వేస్తాను. ల్యాబ్‌కి వచ్చి ఫ్రీజర్‌లో పెడతాను. సంచి నిండిపోతే కొండ మీదే రెండు రాళ్ళ మధ్య పెట్టి నలుపుతాను. వేరుశనగకాయ నలిగిన చప్పుడొస్తుంది. చేరిన కొత్తలో అన్నం ముందు కూర్చుంటే ఆ చప్పుడు గుర్తొచ్చేది. తరవాత రావడం మానేసింది.

ల్యాబ్ అంటే పెద్దదేం కాదు. చల్లగా ఉంచే బీరువాలు, వాటిలో ప్లాస్టిక్ పెట్టెలు, పెట్టెల్లో కొమ్మలు, కొమ్మల మీద నత్తలు. మా పై అధికారిణి అరవైకి దగ్గరపడ్డ మనిషి, ఈ దీవిలోనే పుట్టింది. నవ్వదు. పెట్టెల్లో పాత ఆకులు తీసి కొత్తవి పెట్టేటప్పుడు ప్రతి ఆకునీ దీపం కింద రెండు వైపులా చూడాలి. ఎందుకంటే అప్పుడే పుట్టిన పిల్ల పెసరగింజంత ఉంటుంది. నాతోపాటు చేరిన ఒక అమ్మాయి ఒకరోజు తొందరలో ఆకులన్నీ చెత్తలో వేసేసింది. ఆవిడ చెత్త సంచి తెచ్చి ఆ అమ్మాయి కాళ్ళ దగ్గర బోర్లించి, "వెతుకు" అంది. సాయంత్రం వరకూ కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుంది. ఏమీ దొరకలేదు. "దొరకలేదంటే లేదని కాదు" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు.

నేను మాత్రం ఉండిపోయాను. విశాఖలో జువాలజీ ఎమ్మెస్సీ చేసి, పెళ్ళయి, అమెరికా ఉత్తరాన నోవైలో ఏళ్ళ తరబడి మంచులో గ్రోసరీకి కారు నడుపుకుంటూ ఊరికే బతికినదాన్ని. మా ఆయనకి ఇక్కడి ఆస్పత్రిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికి వచ్చాక, ఈ పని నాకు దొరికింది. మాకు పిల్లలు లేరు. ఆ విషయం మేమిద్దరం ఏనాడో మాట్లాడుకుని ముగించాం. మిగతావాళ్ళు ముగించలేదు.

మిగతావాళ్ళలో ముఖ్యుడు మా బావ. మా అక్క మొగుడు.

బావకి మరదల్ని ఆటపట్టించే హక్కు మన ఇళ్ళలో ఎవరు రాసిచ్చారో తెలియదు గానీ, మా బావ దాన్ని పెళ్ళిపీటల మీద నుంచే వాడుకున్నాడు. ఆనవాయితీ ప్రకారం నేను ఆయన చెప్పులు దాచాను. తిరిగి ఇచ్చినందుకు అందరి ముందూ రంగు కాగితం చుట్టిన పెట్టె నా చేతిలో పెట్టాడు. విప్పితే చచ్చిన బల్లి. "జువాలజీ చదువుతున్నావుగా, ప్రాక్టికల్స్‌కి పనికొస్తుంది" అన్నాడు. పందిరి పందిరంతా నవ్వింది. అప్పటినుంచీ ఆయన ఏం చేసినా మా ఇంట్లో దానికి ఒకటే పేరు, బావ హాస్యం. ఏడిస్తే మరదలికి సరసం తెలియదంటారు. కోపమొస్తే పొగరంటారు. నవ్వితే ఇంకొకటి చేస్తాడు.

వాళ్ళు మెయిన్‌ల్యాండ్ అమెరికాలో, అల్ఫారెట్టాలో ఉంటారు. పెద్ద ఇల్లు. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటర్. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో మైకు ఆయన చేతిలోనే ఉంటుంది. ఒక్క కూతురు. అప్పుడు హైస్కూలు ఆఖరి ఏడాది. ఆ ఏడు స్ప్రింగ్ బ్రేక్ సెలవులకి ముగ్గురూ మా ఇంటికి వచ్చారు.

వచ్చిన రోజు భోజనాల దగ్గరే మొదలుపెట్టాడు.

"ఏం మరదలా, ఇవాళ ఎన్ని నత్తలకి డైపర్లు మార్చావు?"

నేను ఆయన కంచంలో పప్పు వడ్డించాను.

"అందరూ పిల్లలు లేకపోతే కుక్కని పెంచుకుంటారు తమ్ముడూ," అన్నాడు మా ఆయనతో. "మీ ఆవిడకి కుక్క కూడా ఫాస్ట్ అనిపించినట్టుంది. స్లోగా ఉండేదాన్ని వెతుక్కుంది."

మా ఆయన గ్లాసులో నీళ్ళు తాగాడు. అక్క, "అబ్బ, ఊరుకోండీ" అంది. ఆ అనడంలో సగం నవ్వు ఉంది. వాళ్ళమ్మాయి మాత్రం కంచంలోంచి తలెత్తి, "డాడ్, దట్స్ నాట్ ఫన్నీ" అంది. బావ ఇంకా గట్టిగా నవ్వాడు.

ఆ పిల్లకి నా పని నిజంగానే ఇష్టం. అమెరికాలో పుట్టినా పిన్నితో తెలుగులోనే మాట్లాడాలని పట్టుదల. బయాలజీ చదువుతానని, కాలిఫోర్నియాలో ఒక కాలేజీలో సీటు కూడా వచ్చిందని చెప్పింది. "పిన్ని, నాకు రియల్ నత్త చూపించు. ఫారెస్ట్‌లో" అని మొదటి రోజు నుంచీ వెంటపడింది. కంచె దగ్గరికి బయటివాళ్ళని తీసుకెళ్ళకూడదు. అందుకని మూడోరోజు అందరినీ మామూలు జనం నడిచే కొండబాటకే తీసుకెళ్ళాను. ఆ బాట పక్కన, లోయలోకి ఒరిగిన ఒక చెట్టుంది. కంచె లేకుండానే ఆ చెట్టు మీద కొన్ని నత్తలు ఎలాగో మిగిలాయి. దానికి మేం ఏ గుర్తూ పెట్టలేదు, ఒక కొమ్మకి కట్టిన చిన్న నీలం రిబ్బను తప్ప. నేను ఆగకుండా దాటిపోవాలనే అనుకున్నాను. ఆ పిల్ల కళ్ళు చురుకు.

"పిన్ని! అది... అదేనా?"

ఆకు వెనక రెండు కనిపిస్తున్నాయి. పక్క ఆకు మీద ఇంకొకటి. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి చూసింది. నేను గొంతు తగ్గించి చెప్పాను, వాటిని ముట్టుకోవడానికి నాక్కూడా పర్మిట్ కావాలని, ఒక్కటి తీసినా ఫెడరల్ నేరమని.

"ఇంత దానికి ఫెడరలా!" అన్నాడు బావ. "మా మరదలు ఎప్పుడూ పెద్ద పెద్దవాళ్ళతోనే తిరుగుతుంది."

దిగేటప్పుడు ఆయన, "మీరు నడవండి, నేను ఒన్ మినిట్‌లో వస్తా" అని వెనక ఆగాడు. కొండబాటలో మగవాళ్ళు ఆగితే ఎందుకని ఎవరూ అడగరు. మేం కిందికి వచ్చి కారు దగ్గర కాళ్ళ బురద కడుక్కుంటుంటే నవ్వుకుంటూ వచ్చాడు.

సాయంత్రం మా ఆయన ఆఫీస్ కాల్‌లో ఉన్నాడు. నేను వంటింట్లో అప్పడాలు వేయిస్తున్నాను. ముందు గదిలోంచి ఆ పిల్ల గొంతు వినిపించింది. "డాడ్, స్టాప్! వద్దు చెప్పాను కదా!" అక్క నవ్వు, బావ నవ్వు. తరవాత బావ నన్ను పిలిచాడు. "మరదలా, త్వరగా రా! నీ పిల్లలు డాన్స్ చేస్తున్నారు!"

అప్పడాల పళ్ళెంతోనే వెళ్ళాను. బావ భోజనం తరవాత నమలడానికి సోంపు పోసుకుని తిరిగే చిన్న స్టీలు డబ్బా బల్ల మీద మూత తీసి ఉంది. దాని పక్కన మంచినీళ్ళ జగ్గుకి ఆనించి ఫోను, నా మొహం వైపే తిప్పి. ఫోను ముందు ఒక సాసర్. సాసర్‌లో మూడు చెట్టు నత్తలు. వాటి మీద ఉప్పు.

ఉప్పు పడితే నత్త ఏమవుతుందో పెరట్లో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. ఒంట్లో నీరంతా నురగగా బయటికి తోడుకొస్తుంది. గుల్లలోకి ముడుచుకుంటుంది, నురగతోపాటు మళ్ళీ బయటికి వస్తుంది, మెలి తిరుగుతుంది. దానికి గొంతు లేదు కాబట్టి చప్పుడు ఉండదు. సాసర్ అంచున పచ్చటి నురగ బుడగలు పగులుతున్నాయి, అంతే.

పళ్ళెం ఎక్కడ పెట్టానో గుర్తులేదు. సాసర్ తీసుకుని సింక్ దగ్గరికి పరుగెత్తి మంచినీళ్ళు పోశాను. ఒకదాని తరవాత ఒకటి చేతివేళ్ళతో కడిగాను. వెనకాల బావ, "చూశావా ఎక్స్‌ప్రెషన్! సూపర్!" అంటున్నాడు. నేను కడుగుతుండగానే నా ఫోను మోగింది. మా ఇంటి వాట్సాప్ గ్రూపు. వీడియో అప్పుడే పెట్టేశాడు. "నత్తమ్మ రియాక్షన్" అని కింద రాశాడు, వెళ్ళిన కొండబాట పేరుతో సహా. బంధువులు నవ్వే బొమ్మలు వరసగా పెడుతున్నారు. గుంటూరు నుంచి మా అమ్మ కూడా ఒకటి పెట్టింది. తరవాత అడిగితే, కళ్ళజోడు లేదు, అందరూ పెడుతున్నారని పెట్టానంది.

"బావగారూ, ఇది నేరం" అన్నాను. "కొండ మీదే చెప్పాను."

"అబ్బా, సీరియస్ అవకు. మూడు నత్తలు."

"చంపేశారు."

అప్పుడు ఆయన నవ్వు ఆపకుండానే, కుర్చీలో వెనక్కి వాలి అన్నాడు: "నువ్వు చంపట్లేదా? రాళ్ళ మధ్య పెట్టి నలుపుతానని నువ్వే చెప్పావుగా మీ అక్కకి. నువ్వు జీతానికి చంపితే కన్జర్వేషన్, నేను సరదాకి చంపితే క్రైమా?"

గదిలో అందరూ నా మొహం చూశారు. ఆయన వేసిన ప్రశ్న మంచిదే.

"అవును" అన్నాను.

తడిగుడ్డలో మూడింటినీ పెట్టుకుని ల్యాబ్‌కి కారు నడిపాను. దారిలోంచి మా పై అధికారిణికి ఫోన్ చేశాను. నేను వెళ్ళేసరికి ఆవిడ తలుపు తీసి నిలబడి ఉంది. దీపం కింద పెట్టి చూసింది. రెండు పోయాయి. మూడోదాని కండ అంచు ఇంకా కదులుతోంది.

"ఆల్కహాల్ తీసుకురా" అంది.

"ఇది బతికే ఉంది."

"బతకదు. ఒళ్ళు చెడిపోకముందే దాచాలి. అప్పుడైనా దీని నుంచి ఏదన్నా తెలుసుకోవచ్చు."

"నీళ్ళలో ఉంచి చూద్దాం. ఒక్క రాత్రి."

"ఒక్క రాత్రి చూస్తే నీకు మనసు తేలికవుతుంది. నత్తకి కాదు." గాజుసీసా నా ముందుకి జరిపింది. "నువ్వే వెయ్యి. మీ ఇంటివాళ్ళు మొదలుపెట్టిన పని."

వేశాను. అది సీసా అడుక్కి దిగుతూ ఒకసారి మెలి తిరిగింది, గుల్ల నోట్లోంచి ఒక బుడగ పైకి వచ్చింది. ఆవిడ మూత బిగించి చీటీ అంటించింది. అప్పుడు చెట్టు ఎక్కడిదో అడిగింది. ఎవరు తీశారో అడిగింది. ఫోనులో వీడియో చూపించమంది. చూసినంతసేపూ నా మొహం వైపు చూడలేదు.

"రిపోర్ట్ నువ్వు ఇస్తావా, నేనివ్వాలా?"

"నేనే ఇస్తాను" అన్నాను. అక్కడే కూర్చుని ఇచ్చాను.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా ఆయన తల పట్టుకున్నాడు. "నన్ను ఒక్కమాట అడగాల్సింది కదా. ఆయన సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ దగ్గరికొచ్చింది." బావ మాత్రం నమ్మలేదు. "బెదిరిస్తోంది" అని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున బాల్కనీలో అక్క నన్ను పట్టుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఫోన్ చేసి పొరపాటున చెప్పానని చెప్పు. ఎవరో పక్కింటి పిల్లలు తెచ్చారని చెప్పు."

"వీడియో ఉందక్కా."

"డిలీట్ చేయిస్తాను. ఆయన కెరీర్, నా కూతురి చదువు, అన్నీ ఈ నత్తల మీద పెడతావా? నీకేం తెలుస్తుంది, నీకు పిల్లలుంటే తెలిసేది."

ఆ మాట అన్నాక తనే ఒక క్షణం ఆగింది. వెనక్కి తీసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు.

"ఆయన హాస్యం నీకు కొత్తా?" అంది.

"హాస్యమా అక్కా అది?"

అక్క రైలింగ్ పట్టుకుని కింద స్విమ్మింగ్ పూల్‌ని చూస్తూ, చాలా మామూలు గొంతుతో చెప్పింది. "పెళ్ళయిన కొత్తలో నా డ్రైవింగ్ టెస్ట్ రోజు కార్ బ్యాటరీ వైరు పీకేశాడు. ఎగ్జామినర్ ముందు నేను కీ తిప్పుతూ ఏడుస్తుంటే ఫోటో తీశాడు. అది ఇప్పటికీ ప్రతి పార్టీలో చూపిస్తాడు. నువ్వు ఏడాదికోసారి భరిస్తావు. నేను రోజూ. నేను నవ్వుతున్నానా లేదా? నేను నవ్వగలిగినప్పుడు నువ్వెందుకు నవ్వలేవు?"

నాకు అక్క మీద జాలి కలగాలి. కలిగింది కూడా. కానీ తన కన్నా నేను తక్కువ పడ్డానని, అందుకే నేను ఊరుకోవాలని తను లెక్క చెబుతోంది. ఆ లెక్కలో నత్తలు ఎక్కడా లేవు, ఆమె కూతురు కూడా లేదు. "ఫోన్ చెయ్యను" అన్నాను. అక్క లోపలికి వెళ్ళి సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టింది.

సర్దడం పూర్తి కాకముందే వన్యప్రాణి అధికారి వచ్చాడు. మెత్తటి మనిషి. బూట్లు గుమ్మంలో విప్పి, మా భోజనాల బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడాడు. బావ ఒక్కసారిగా వేరే మనిషైపోయాడు. చొక్కా మార్చుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మాటకి ముందు సర్, వెనక సర్. అప్పటివరకూ హాస్యం అన్నదాన్ని మిస్‌అండర్‌స్టాండింగ్ అన్నాడు. తరవాత నా వైపు చెయ్యి చూపించి అన్నాడు, నత్తలను తెచ్చింది తను కాదని, మరదలు ల్యాబ్ నుంచి పిల్లకి చూపించడానికి తెచ్చిందని, చచ్చినవేమో అనుకుని ఉప్పు వేశానని.

ఆ మాట అధికారి నమ్మితే నా ఉద్యోగం ఒక్కటే కాదు, నా పర్మిట్, నేను తాకిన ప్రతి పెట్టె అనుమానం కిందికి వస్తాయి. అధికారి అక్క వైపు తిరిగి, "మీరు చూశారా?" అని అడిగాడు.

అక్క నన్ను చూడలేదు. అవునన్నట్టు తల ఊపింది.

"దట్స్ నాట్ ట్రూ."

వాళ్ళమ్మాయి సోఫా వెనక నిలబడి ఉంది. మాటలు తడబడలేదు. డాడీ కొండబాట మీద వెనక ఆగాడని, సోంపు డబ్బా ఖాళీ చేసి వాటిని అందులో పెట్టాడని, కారులో తన పక్కనే మూత తీసి చూపించి, పిన్నికి చెబితే ఊరుకోనని అన్నాడని ఇంగ్లీషులో వరసగా చెప్పింది. చెట్టు దగ్గర పిన్ని ముట్టుకోవద్దని చెప్పిందనీ చెప్పింది. అధికారి రాసుకున్నాడు. బావ కూతుర్ని చూసి చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు నాకు పెళ్ళిపందిరి నుంచీ తెలుసు.

ఆ మధ్యాహ్నమే హోటల్‌కి మారిపోయారు. లిఫ్ట్ దగ్గర బావ కూతురి భుజం మీద చెయ్యి వేసి, "మన ఇంట్లో లాయర్ పుట్టిందే!" అన్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి నాకు చెయ్యి ఊపబోయి, మానేసింది.

తరవాత జరిగినవి పెద్ద విశేషాలేం కావు. బావకి జరిమానా పడింది, కట్టాడు. సిటిజన్‌షిప్ ఫైలు కొన్నాళ్ళు ఆగింది, తరవాత వచ్చేసింది. పార్టీ చేసుకున్నారు. మమ్మల్ని పిలవలేదు. పిలిచినవాళ్ళకి మైకులో నత్తల కథ చెప్పి, ఫెడరల్ గవర్నమెంట్‌కి మరదలు ఇచ్చిన కంప్లైంట్ చెప్పి, అందరినీ పొట్ట పట్టుకుని నవ్వించాడని నోవై నుంచి పాత స్నేహితురాలు ఒకావిడ ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ కూడా చెబుతూ కొంచెం నవ్వింది. మా అమ్మ ఫోన్‌లో ఎప్పుడూ ఒకటే మాట, "అక్క కాపురం కంటే ఎక్కువా నీకు?" మా ఆయన నాతో పోట్లాడలేదు. నత్తల గురించి అడగడం మానేశాడు, అంతే.

ఆ పిల్ల నుంచి ఫోన్ మాత్రం మే నెలాఖరులో వచ్చింది. గ్రాడ్యుయేషన్ అయిందని చెప్పింది.

"కాలిఫోర్నియా వెళ్ళట్లేదు పిన్ని. డాడ్ నో అన్నాడు. ఇంటి నుంచి కమ్యూనిటీ కాలేజ్ వెళ్ళు అన్నాడు."

"స్కాలర్‌షిప్ ఏమన్నా చూశావా?"

"పేపర్స్ డాడ్ సైన్ చెయ్యలేదు." తనే మళ్ళీ అందుకుంది. "గ్రాడ్యుయేషన్ పార్టీలో నాకు గిఫ్ట్ ఇచ్చాడు. చిన్న బాక్స్. ఓపెన్ చేస్తే కార్ కీ. అందరూ క్లాప్ చేశారు. నేను డ్రైవ్‌వేకి పరిగెత్తాను. అక్కడ కార్ లేదు పిన్ని. ఊరికే కీ."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను.

"నేను వీడియోలో ఇటు అటు వెతుకుతున్నాను. అందరూ నవ్వారు. అమ్మ కూడా."

"నువ్వేం చేశావమ్మా?"

"నేను కూడా నవ్వాను" అంది. "అది ఈజీ."

ఇక్కడికి రమ్మన్నాను. మా ఇంట్లో ఉండి చదువుకోమన్నాను. ఆలోచిస్తానంది. మర్నాడు నేను చేస్తే నంబరు కలవలేదు. ఇప్పటికీ కలవదు.

ఆ చెట్టు సంగతి జూన్‌లో తేలింది. బాట పేరుతో సహా వీడియో ఎంతమంది చేతుల్లోకి పోయిందో ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం ఆ చెట్టు కింద బురదలో కొత్త అడుగులు, విరిగిన కొమ్మ కనిపించాయి. "ఇవాళ మీ బావ. రేపు ఇంకొకడు" అంది మా పై అధికారిణి. అక్కడున్న నత్తలన్నింటినీ ల్యాబ్‌కి తెచ్చేయాలని నిర్ణయించింది. పర్మిట్ వచ్చాక, వాన లేని రోజు చూసి నలుగురం ఎక్కాం. ఆ వాలు మీద ఆ రకం నత్తలు ఇంకే చెట్టు మీదా లేవు. ఎప్పటినుంచి అక్కడ పుడుతూ చస్తూ ఉన్నాయో ఎవరూ చెప్పలేరు. వాటి మధ్యకి తోడేలు నత్త రాలేదు, ఎలుక రాలేదు. మేం వచ్చాం.

నిచ్చెన వేసుకుని, ఒక్కో ఆకూ తిప్పి, ఒక్కోదాన్నీ వేలి కొసతో మెల్లగా జరిపి పెట్టెలో పెట్టాను. ఆకుని గట్టిగా పట్టుకున్న నత్తని లాగితే కండ చిరుగుతుంది. అది వదిలే వరకూ ఆగాలి. నడుం పడిపోయింది. అన్నీ అయ్యాయనుకున్నాక ఆవిడ కింద నుంచి, "మళ్ళీ చూడు" అంది. మళ్ళీ చూశాను. ఇంకో చిన్నది దొరికింది. "మళ్ళీ" అంది. మూడోసారి ఏమీ దొరకలేదు.

దిగి వచ్చాక ఆవిడ నీలం రిబ్బను విప్పి జేబులో వేసుకుంది. కారు దగ్గర పెట్టెలు సర్దుతూ, నా వైపు తిరగకుండానే చెప్పింది, ఇకనుంచి నాకు కొండ డ్యూటీ లేదని, ల్యాబ్‌లో ఆకుల పని చూసుకోమని. ఆ చెట్టు దగ్గరికి మా వాళ్ళని తీసుకెళ్ళింది నేనే. పెట్టెలు ఒరగకుండా ఒళ్ళో పెట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను.